తులం బుల్లెట్టు, చిటికెడు మందు

బంగారం కొట్లో తులం అంటే ఇప్పుడు చాలామంది పది గ్రాములతో సరిపెట్టేస్తున్నారు గానీ, పాత లెక్కలో తులం 11.66 గ్రాములు. 1833లో కంపెనీ ప్రభుత్వం దాన్ని 180 గ్రెయిన్లుగా ఖాయం చేసింది. అమెరికాలో పెద్ద దుప్పుల వేటకు వెళ్ళేవాళ్ళు .30-06 రైఫిల్లో (చుక్క పక్కనుండే ఇలాంటి అంకె బుల్లెట్టు వెడల్పును సుమారుగా అంగుళాల్లో చెబుతుంది) మామూలుగా వాడే బుల్లెట్టు బరువు కూడా 180 గ్రెయిన్లే. అంటే సరిగ్గా తులం. గ్రెయిన్ అనేది మొదట్లో ఒక బార్లీ గింజ బరువు. మన కంసాలి గురివింద గింజ పెట్టి తూచినట్టే అక్కడివాళ్ళు బార్లీ గింజ పెట్టి తూచారు. తులానికి 96 గురివింద ఎత్తులు కాబట్టి, ఒక్క గురివింద రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ తూగుతుంది.

తుపాకుల సంగతి బంగారం తూకంతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. సొంతంగా తూటాలు నింపుకునే పనిని హ్యాండ్‌లోడింగ్ అంటారు. అందులో ముక్కాలు వంతు తూకం పనే. మన దగ్గర లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే నేరం కాబట్టి దాని గురించి తెలిసినవాళ్ళు తక్కువ. అయితే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొండ ఊళ్ళకు చేత్తో మందు నింపే తుపాకి మాత్రం కొత్త కాదు. నాటు తుపాకిని ప్రతి దెబ్బకీ మూతి వైపు నుంచి చేత్తోనే నింపాలి. అక్కడా చెయ్యే, ఇక్కడా చెయ్యే. కాకపోతే అక్కడ త్రాసు ఉంది, ఇక్కడ చిటికెడు ఉంది.

పేపర్లలో తూటా అన్నా బుల్లెట్టు అన్నా ఒకటే అన్నట్టు రాసేస్తారు. నిజానికి బుల్లెట్టు అంటే గొట్టంలోంచి బయటికి దూసుకుపోయే లోహపు ముక్క ఒక్కటే. తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి. ఇత్తడి కేసు, దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతికి బిగించిన బుల్లెట్టు. కాల్చాక ప్రైమరూ మందూ బుల్లెట్టూ పోతాయి, కేసు మిగులుతుంది. నాలుగింటిలో ఖరీదైనది చాలాసార్లు ఆ కేసే. దాన్ని పారెయ్యకుండా శుభ్రం చేసి, అచ్చులో నొక్కి పాత కొలతకు తెచ్చి, కొత్త ప్రైమరు దిగ్గొట్టి, మందు తూచి పోసి, బుల్లెట్టు బిగిస్తే మళ్ళీ తూటా తయారవుతుంది. పొదుపు కోసం మొదలుపెట్టినవాళ్ళు చాలామంది తర్వాత గురి కోసం కొనసాగిస్తారు. ఒక్కో రైఫిలుకు ఒక్కో తత్వం ఉంటుంది. ఏ మందు ఎంత పోస్తే, ఏ బుల్లెట్టు ఎంత లోతుకు బిగిస్తే దెబ్బలన్నీ ఒకేచోట పడతాయో ఓపికగా వెతుక్కోవడమే వాళ్ళ వ్యసనం.

ఈ వెతుకులాటలో త్రాసు 0.1 గ్రెయిన్ దాకా చూపిస్తుంది. అది ఆరున్నర మిల్లీగ్రాములు. సన్న బియ్యపు గింజ ఒకటి సుమారు 20 మిల్లీగ్రాములు అనుకుంటే అందులో మూడో వంతు. ఇంత పట్టింపు అవసరమా అనిపిస్తుంది. పెద్ద కేసుల్లో నిజంగానే అంత అవసరం ఉండదు. కానీ .22 హార్నెట్ లాంటి బుల్లి తూటాలో పట్టే మందే పది పన్నెండు గ్రెయిన్లు. అక్కడ ఒక్క గ్రెయిన్, అంటే గురివింద ఎత్తులో సగం, ఎక్కువ పడితే మందు ఎనిమిది నుంచి పది శాతం పెరిగిపోయినట్టే.

కొందరు ఇక్కడితో ఆగరు. అంగట్లో దొరికే ఏ తూటా కొలతా వాళ్ళకు నచ్చదు. పాత కేసు తీసుకుని దాని మెడ సన్నం చేసి చిన్న బుల్లెట్టు పెడతారు, లేదా మెడ వెడల్పు చేసి పెద్దది పెడతారు, లేదా మెడ కింద వాలుగా ఉండే భుజాన్ని ముందుకు జరిపి లోపల చోటు పెంచుతారు. అలా పుట్టిన తూటాకు ఏ ఫ్యాక్టరీ పేరూ, ఏ ప్రమాణ సంస్థ ముద్రా ఉండవు. దాన్ని వైల్డ్‌క్యాట్ అంటారు. తెలుగులో చెప్పాలంటే బావురుపిల్లి తూటా. పేరు అడవిది గానీ పుట్టుక ఎక్కువగా ఇంటి వెనక షెడ్డులో.

షెడ్డులో పుట్టినంత మాత్రాన తీసిపారేసే సరుకు కాదు. .30-06 కేసు మెడను పావు అంగుళానికి సన్నం చేసిన తూటా 1920 ప్రాంతంలో నీడ్నర్ అనే తుపాకుల పనివాడి చేతిలో తయారైంది. దాదాపు యాభై ఏళ్ళు అది వేటగాళ్ళ సొంత సరుకుగానే తిరిగింది. 1969లో రెమింగ్టన్ కంపెనీ దాన్ని .25-06 పేరుతో పెట్టెల్లో పెట్టి అమ్మింది. .22-250కి ఆ గౌరవం 1965లో దక్కింది. 1922లో వచ్చిన .35 వీలెన్‌కు 1980ల చివరి దాకా ఫ్యాక్టరీ గడప తొక్కే యోగం పట్టలేదు. ఆంధ్రదేశంలో చాలా వంటకాలు కూడా ఇలాగే ఇళ్ళల్లో నలిగి నలిగి, చివరికి ఎప్పుడో హోటలు మెనూలోకి ఎక్కాయి.

కేసు ఆకారం మారడానికి కారణం ఇత్తడి స్వభావం. తూటాల ఇత్తడిలో 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు ఉంటాయి. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలం బుడితిలో ఇత్తడి, కంచు సామాన్లు చేసే పనివాళ్ళకు ఈ లోహం గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. బుడితి పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇత్తడి రేకును సుత్తితో కొట్టేకొద్దీ అది గట్టిపడుతుంది. ఒక దశ దాటాక మొండికేస్తుంది, అప్పటికీ ఆపకుండా కొడితే అంచు దగ్గర వెంట్రుకంత పగులు తీస్తుంది. అందుకే మధ్యలో ఆపి, రేకును పొయ్యిలో కాల్చి, మెత్తబరిచి మళ్ళీ కొడతారు.

తూటా కేసు పడే పాట్లూ ఇవే. కాల్చినప్పుడల్లా మెడ సాగుతుంది, అచ్చులో నొక్కినప్పుడల్లా ముడుచుకుంటుంది. ఇలా కొన్నిసార్లు అయ్యేసరికి మెడ పెళుసెక్కి నిలువునా చీలుతుంది. ఓపిక ఉన్నవాళ్ళు అది చీలకముందే మెడనూ భుజాన్నీ కాస్త వేడిచేసి మెత్తబరుస్తారు. అడుగు భాగానికి మాత్రం వేడి తగలనివ్వరు. ఒత్తిడినంతా ఆపాల్సింది ఆ అడుగే, అది గట్టిగానే ఉండాలి. చెంబు అంతా ఒకేలా మెత్తబడినా కంచరికి నష్టం లేదు. తూటాలో మెడ మెత్తగా, మడమ గట్టిగా ఉండకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

భుజాన్ని ముందుకు జరిపే పద్ధతి చూడటానికి ఇంకా విచిత్రం. సుత్తీ లేదు, అచ్చూ లేదు. రైఫిలులో తూటా కూర్చునే గదినే కొత్త ఆకారంలో తొలిచి, అందులో పాత కేసుతో చేసిన తూటా పెట్టి కాలుస్తారు. లోపలి వాయువు ఇత్తడిని పూరీ పొంగించినట్టు పొంగించి గది గోడలకు అదుముతుంది. బయటికి వచ్చే కేసు కొత్త రూపంలో ఉంటుంది. పార్కర్ అక్లీ అనే తుపాకుల నిపుణుడు ఈ పద్ధతికి ఎంత పేరు తెచ్చాడంటే, ఇలా పొంగించిన తూటాల పేర్ల చివర ఇప్పటికీ ‘అక్లీ ఇంప్రూవ్డ్’ అని తగిలిస్తారు.

ఇంత శ్రమకు దక్కేది ఎంత అని అడిగితే వైల్డ్‌క్యాట్ అభిమానులకు కోపం వస్తుంది గానీ, లెక్క లెక్కే. కేసులో చోటు పెరిగిన శాతంలో నాలుగో వంతే బుల్లెట్టు వేగానికి కలుస్తుందని ఒక మోటు లెక్క ఉంది. చోటు పది శాతం పెరిగితే వేగం రెండున్నర శాతం పెరుగుతుంది. సెకనుకు 900 మీటర్లు పోయేది 922 పోతుంది. అంతకు మించి ఎవరైనా గొప్ప చెప్పుకుంటే, ఆ మిగతా వేగం ఆకారం వల్ల కాదు, ఎక్కువ మందు వేసి ఒత్తిడి పెంచడం వల్ల వచ్చిందని అనుమానించాలి.

ఒత్తిడి దగ్గరే అసలు ప్రమాదం ఉంది. కారు టైరులో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 32, 35 పౌండ్లు. రవ్వలు కాల్చే మామూలు 12 బోరు తూటాకు అమెరికా ప్రమాణాల్లో గరిష్ఠ హద్దు 11,500. .30-06కు 60,000. అది పేలే క్షణంలో కాల్చేవాడి చెంపకు జానెడు దూరంలో ఉంటుంది. ఫ్యాక్టరీ తూటాకైతే 1926లో ఏర్పడిన అమెరికా తయారీదారుల సంస్థ హద్దులు పెట్టింది, పరీక్షలు చేసిన పట్టికలు ఉన్నాయి. వైల్డ్‌క్యాట్‌కు ఆ రక్షణ లేదు. అందుకే అనుభవం ఉన్నవాడు తక్కువ మందుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతిసారీ ఖాళీ కేసును కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తాడు. ప్రైమరు అణిగిపోయి పల్చబడిందా, తూటా వెనక గడియలా పడే బోల్టు బిగుసుకుపోయి లేవనంటోందా అని. ఈ గుర్తుల మీద నమ్మకం పెట్టుకోవడంలో ఒక చిక్కు ఉంది. అవి కనపడేసరికే ఒత్తిడి హద్దు దాటిపోయి ఉంటుంది.

ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. వందేళ్ళ కిందట ఇంగ్లండులో వేట తూటాలకు కార్డైట్ అనే మందు వాడేవారు. వేడెక్కితే దాని ఒత్తిడి పెరుగుతుంది. చలిలో పరీక్షించిన తూటా మన మే నెల ఎండలో మరో తూటా అయిపోతుంది. ఖాళీ కేసు రైఫిలులో ఇరుక్కుపోయి, గాయపడిన పులి ఎదురుగా ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకని ఉష్ణదేశాలకు పంపే తూటాల్లో మందు కాస్త తగ్గించి నింపేవారు. విజయనగరంలో విజ్జీ పేరు తెలియనివాళ్ళు ఉండరు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన క్రికెట్ జట్టుకు కెప్టెన్ అయిన ఆ మహారాజకుమారుడికి పులుల వేటగాడిగా కూడా పేరుండేది. మూడు వందలకు పైగా పులుల్ని కొట్టాడని చెబుతారు.  ఆ తరం జమీందార్ల రైఫిళ్ళకు కావలసిన తూటాలు సీమ నుంచి ఓడల మీద వచ్చేవి.

ఆ సీమ తూటాల కొలతలను కూడా వేటగాడి సరదా కంటే సర్కారు భయమే ఎక్కువగా మార్చింది. ఈ కోణం గురించి మన దగ్గర పెద్దగా మాట్లాడుకోరు. 20వ శతాబ్దం మొదటి పదేళ్ళలో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలో .450 కొలత వేట రైఫిళ్ళను నిషేధించింది. సైన్యం పాత మార్టినీ-హెన్రీ రైఫిలు బుల్లెట్టు కూడా ఆ కొలతే. వేటగాళ్ళ బుల్లెట్లు తిరుగుబాటుదారుల చేతికి పోయి, దొంగిలించిన సైనిక రైఫిళ్ళలోకి ఎక్కుతాయని దొరల భయం. ఏనుగుల వేటకు అప్పటికి అందరూ వాడేది .450. అది పోయేసరికి లండన్ తుపాకుల కంపెనీలు పరుగులు పెట్టి .470, .475, .476 అంటూ కొత్త కొలతలు తెచ్చాయి. 1907లో హాలండ్ అండ్ హాలండ్ తెచ్చిన దాని పేరు .500/.465. ఆ పేరులోనే దాని జాతకం ఉంది. .500 కేసు మెడను .465కు సన్నం చేశారన్నమాట. అమెరికా షెడ్డులో వేటగాడు సరదాకు చేసిన పనినే ఇక్కడ చట్టం తప్పించుకోవడానికి కంపెనీ చేసింది.

.303 కథా ఇదే. అది సైన్యం తూటా, మామూలు మనిషికి నిషిద్ధం. దాంతో ఆస్ట్రియా సైన్యానికి చెందిన 8 మిల్లీమీటర్ల తూటాను .315 పేరుతో మన దేశంలోకి దించారు. దొరలు వెళ్ళిపోయినా ఆ తూటా వెళ్ళలేదు. ఈ దేశంలో లైసెన్సు మీద దొరికే రైఫిలు అనగానే నేటికీ ముందు గుర్తొచ్చేది ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .315. 1878 ఆయుధ చట్టం పోయి 1959 చట్టం వచ్చినా, సైన్యం తూటా పట్టే తుపాకి పౌరుడి చేతికి ఇవ్వకూడదన్న ఆలోచన అలాగే ఉండిపోయింది. 1959 చట్టం అయిదో సెక్షన్ ప్రకారం తుపాకి గానీ తూటా గానీ లైసెన్సు లేకుండా తయారుచెయ్యకూడదు, రూపం మార్చకూడదు. 2019 సవరణ తర్వాత దొంగ తయారీకి శిక్ష ఏడేళ్ళ నుంచి యావజ్జీవం దాకా ఉంది.

చట్టం ఇంత గట్టిగా ఉన్నా నాటు తుపాకి కొండ మీద బతికే ఉంది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, మందస కొండల్లో సవరలు, జాతాపులు పోడు చేసుకునే చోట పంటకు కాపలా అంటే మంచె, రాత్రంతా డబ్బా మోత, కుక్కలు. వీటికి తోడు ఎక్కడో ఒక గొట్టం. ఈ ఊళ్ళలో కొన్ని 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి గానీ పందులకు ఆ సంగతి తెలియదు. ఇక్కడ తుపాకి అన్న మాటకు మరో బరువు కూడా ఉంది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళ్తున్న గిరిజన సంఘం మనుషుల మీద లేవిడి దగ్గర భూస్వాముల పక్షం కాల్పులు జరిపింది. కోరన్న, మంగన్న చనిపోయారు. శ్రీకాకుళ సాయుధ పోరాటం రగులుకున్నది ఆ కాల్పుల తర్వాతే. ఏజెన్సీలో ఎవరి చేతిలో తుపాకి కనిపించినా దాన్ని పంట కాపలాగా మాత్రమే చూడటం అధికారులకు అలవాటు తప్పింది.

నాటు తుపాకి సాంకేతికంగా ఎందుకు ప్రమాదమో చూస్తే త్రాసు కథ మళ్ళీ వస్తుంది. అందులో వాడేది బ్లాక్ పౌడర్ అనే పాతకాలం నల్ల తుపాకిమందు. అది పుట్టించే ఒత్తిడి తక్కువ, కొలత కాస్త అటూఇటూ అయినా చాలాసార్లు క్షమిస్తుంది. చిటికెడు లెక్క ఇన్ని తరాలు చెల్లిందంటే ఆ క్షమాగుణం వల్లే. 1884లో ఫ్రాన్సులో పుట్టిన పొగలేని మందు అలాంటిది కాదు. దాన్ని అదే అంచనాతో అదే గొట్టంలో పోస్తే గొట్టమే పేలి కాల్చినవాడి వేళ్ళూ కళ్ళూ పోతాయి. గొట్టం ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో ఎవరూ పరీక్షించి ముద్ర వేసింది కాదు. ఇంకో నష్టం జంతువుది. లోపల వేసిన ఇనుప ముక్కలకూ రవ్వలకూ ఒక బరువూ, ఒక దారీ ఉండవు. పంది అక్కడికక్కడ పడిపోదు. గాయంతో పొదల్లోకి దూరి, మర్నాడు ఉదయం జీడిపళ్ళు ఏరడానికి వెళ్ళిన మనిషి మీదికి ఉరుకుతుంది.

మరి తూకం వేసిన వైల్డ్‌క్యాట్ ఇక్కడ ఉంటే బాగుండేదా? చట్టాన్ని పక్కన పెట్టి లెక్క వేసినా దానికి ఇక్కడ పని లేదు. .25-06 లాంటి తూటా సెకనుకు 950 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది, బరువైన .315 సుమారు 650తో. ఉద్దానం జీడితోటలో కొమ్మలు నేలను తాకుతుంటాయి. రాత్రి టార్చి వెలుగులో పంది కనిపించేదే 30, 50 మీటర్ల లోపు. 50 మీటర్ల దూరంలో మొదటి బుల్లెట్టు భూమ్యాకర్షణకు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు దిగుతుంది, రెండోది మూడు. తేడా వేలెడు వెడల్పు. 300 మీటర్ల దగ్గరైతే గాలి నిరోధంతో కలిపి ఆ తేడా అర మీటరు దాటుతుంది. అంటే ఈ తూటాల గొప్పతనమంతా అమెరికా పడమటి మైదానాల్లాంటి బయలు నేలలో బయటపడుతుంది. ఇక్కడికి పాత 12 బోరు చాలు. దాని పేరు కూడా తూకమే. గొట్టం మూతికి సరిపడే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌండు.

అసలు అడ్డం వేట చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తర్వాత 1991 సవరణ సరదా వేటకు తలుపులు మూసేశాయి. అడవి పందిని 2022 సవరణ రెండో షెడ్యూలులో, అంటే రక్షణ ఉన్న జంతువుల జాబితాలో పెట్టింది. అయితే చట్టంలో కిటికీ లేకపోలేదు. మనుషులకు, నిలిచి ఉన్న పంటకు ముప్పుగా మారిన జంతువును కొట్టడానికి 11వ సెక్షన్ కింద అధికారులు అనుమతి ఇవ్వవచ్చు. 62వ సెక్షన్ కింద కేంద్రం ఒక ప్రాంతంలో ఒక జంతువును కొంతకాలం హానికరమైనదిగా ప్రకటించవచ్చు. 2015, 2016 సంవత్సరాల్లో బీహారు, ఉత్తరాఖండ్‌లలోని కొన్ని జిల్లాల్లో అడవి పందిని అలా ప్రకటించారు. కేరళ 2022లో మరో దారి పట్టింది. పందిని కొట్టే ఉత్తర్వు ఇచ్చే అధికారాన్ని పంచాయతీల చేతికి ఇచ్చి, లైసెన్సు తుపాకి ఉన్నవాళ్ళతో కొట్టిస్తోంది. అందులో లోపాలు లేవని కాదు గానీ, ఎవరు కాల్చారు, దేనితో కాల్చారు, ఏం చచ్చింది అన్నదానికి కాగితం మీద లెక్క ఉంటుంది.

ఆ కిటికీ తెరుచుకోని చోట రైతు చేతిలో మిగిలేవి కరెంటు తీగ, నాటు బాంబు. కరెంటు తీగకు పంది, ఆవు, పక్క పొలం రైతు అన్న తేడా తెలియదు. ఎరలో పెట్టిన బాంబు ఏం చేస్తుందో 2020లో కేరళలో నోరు పగిలి చనిపోయిన కడుపుతో ఉన్న ఏనుగు వల్ల దేశమంతా చూసింది. ఒడిశా వైపు నుంచి ఏనుగులు దిగి తిరిగే ఈ జిల్లాల్లో ఆ బొమ్మను మర్చిపోవడం కష్టం. దొంగచాటుగా వాడే పద్ధతులన్నిటిలో మనుషులకు ఎక్కువ ముప్పు ఆ తీగతోనే. దానికి లైసెన్సూ మందూ గురీ అక్కర్లేదు, స్తంభం దగ్గర కొక్కెం చాలు. పొలంలో తుపాకి మీద ఉన్నంత నిఘా ఆ కొక్కెం మీద లేదు.

లైసెన్సు ఉన్న కొద్దిమంది రైతులకు ఇంకో చిక్కు ఉంది. ఎన్నికల కోడ్ రాగానే చాలామంది తుపాకిని పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చెయ్యాల్సి వస్తుంది. 2024లో రాష్ట్రంలో పోలింగు మే 13న జరిగింది, మార్చి మధ్య నుంచే కోడ్ అమల్లో ఉంది. ఉద్దానంలో జీడిపళ్ళు రాలేది, ఆ వాసనకు పందులూ ఎలుగులూ తోటల్లోకి దిగేది సరిగ్గా ఆ నెలల్లోనే.